గుణింతం, గుణకారం

విశాఖపట్నంలో పెదజాలరిపేటకు దగ్గరలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు వారానికి ఒక పూట వెళ్లి పిల్లల చేత చదివిస్తుంటాను. ఆ రోజు మూడో తరగతి అమ్మాయి ఒకతె పాఠం గడగడా అప్పగించింది. ‘రైతు దుక్కి దున్ని విత్తనాలు చల్లాడు’ అన్న వాక్యంలో ఒక్క వత్తు కూడా తప్పలేదు. ‘దుక్కి అంటే ఏమిటమ్మా?’ అని అడిగితే పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది, తల వంచుకుంది. వాళ్ల ఇంటి ముందు సముద్రం ఉంది. నాగలిని ఆమె ఎన్నడూ చూడలేదు. మాట మార్చి చేపల గురించి అడిగాను. కోనానికీ చందువాకూ తేడా ఏమిటో, కానాగంతలు ఎలా మెరుస్తాయో, ఒడ్డున నిలబడి అలివి వల లాగడానికి అంతమంది ఎందుకు కావాలో పది నిమిషాలు ఆగకుండా చెప్పింది.

ఆ పిల్ల చదివినట్టా, చదవనట్టా?

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1986లో దీనికి ఒక చిన్న సూత్రం చెప్పారు. లిపిని మాటగా మార్చుకోగలగడం ఒక నేర్పు. ఆ మాటలను ఎవరైనా చెబితే విని అర్థం చేసుకోగలగడం మరొక నేర్పు. చదివి గ్రహించడం ఈ రెండింటి లబ్ధం. కూడికైతే ఒకటి లేకపోయినా రెండోది మిగిలేది. గుణకారంలో ఒకవైపు సున్నా పడితే మొత్తం సున్నాయే.

మన బడులు తమ శక్తినంతా మొదటి నేర్పు మీదే పెడతాయి. అదేమీ తేలికైన పని కాదు మరి. మనిషి రాయడం మొదలుపెట్టి సుమారు అయిదు వేల ఏళ్లే అయింది. చదవడం కోసమే ఒక భాగాన్ని మెదడులో ఏర్పరచడానికి ప్రకృతికి ఆ కాలం చాలదు. స్టానిస్లాస్ డెహేన్, లోరాన్ కోహెన్ వంటి ఫ్రెంచి పరిశోధకులు చూపినట్టు, మెదడు ఎడమ అర్ధగోళంలో వెనుక, అడుగు భాగాన ఉన్న ఒక చిన్న ప్రాంతం చదువు నేర్చుకునేకొద్దీ అక్షరాలకు అలవాటు పడుతుంది. అంతకు ముందు అది వస్తువులను, ముఖాలను గుర్తించే పనిలో ఉండేది. చైనా లిపి చదివినా తెలుగు చదివినా దాదాపు అదే చోటు.

తెలుగు పిల్లల మీద భారం మరీ ఎక్కువ. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ముప్పైకి పైగా హల్లులు, ఒక్కో హల్లుకు గుణింతం, ఆపైన వత్తులు. ‘రాత్రి’ అన్న మాటనే చూడండి. గుడి త మీద ఉంటుంది, ర వత్తు కింద ఉంటుంది. కానీ పలికేటప్పుడు త తర్వాత ర వస్తుంది, ఆ తర్వాతే ఇ. కన్ను పోయే దారి వేరు, నాలుక పోయే దారి వేరు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలీ నాగ్ చేసి 2007లో వెలువరించిన పరిశోధనలో, అక్షరాల మీద పట్టు చిక్కడానికి పిల్లలకు కొన్ని తరగతుల కాలం పడుతుందని తేలింది. ఒకటో తరగతి దాటేసరికి అన్నీ రావాలని పిల్లలను తరమడం అన్యాయం. కూడబలుక్కుని చదివే పిల్లకు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు జారిపోతుంది. ఆమె శ్రద్ధంతా అక్షరాలకే ఖర్చయిపోతుంది. అందుకే ధారాళంగా చదివే సాధన తప్పనిసరి.

రెండో నేర్పుకు మాత్రం గంట కొట్టి కేటాయించిన పీరియడ్ ఉండదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అమెరికాలో 64 మంది పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చారు. చదవడంలో వెనుకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని వాళ్లకంటే మెరుగ్గా గ్రహించారు. మన పిల్లలకు కబడ్డీ గురించి రాసి ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇది విశాఖకు కొత్త ప్రశ్న కూడా కాదు. వందేళ్ల కిందట ఇక్కడ పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. ఏట్స్, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల్లో తెలుగు మరొకటీ ఎందుకని అడిగాడు. ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను ఉద్యమంగా మలిచారు. గిడుగు ఇంకో అడుగు ముందుకు వేశారు: సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశారు. ఇంట్లో కువి మాట్లాడే మన్యం పిల్లలను తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ పని గొప్పతనం మళ్లీ తెలిసి వస్తుంది.

పిల్లలకు తెలిసిన మాటల దగ్గరే ఆగిపోమని నేను అనడం లేదు. దుక్కి కూడా ఆ అమ్మాయికి రావాలి. అర్థాన్ని పదిసార్లు కాపీ చేయిస్తే రాదు. ఒకే మాట కథలో ఒకసారి, కబుర్లలో ఒకసారి, ఆటలో ఒకసారి ఎదురుపడాలి. రోజూ కాసేపు పెద్దలు పైకి చదివి వినిపిస్తే ఇంట్లో వినపడని మాటలు చెవిన పడతాయి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర ముందు పిల్లలను నిలబెట్టి, ‘దీన్ని జలాంతర్గామి అంటారు, జలం లోపల వెళ్లేది’ అని విడమరచి చెప్పాను. మరుసటి వారానికి ఒక పిల్లవాడు జలపాతాన్ని, మరొకడు జలచరాన్ని పట్టుకొచ్చారు. ఒక మాట తలుపు తీస్తే దాని చుట్టాలన్నీ వస్తాయి.

ఆ అమ్మాయి చెప్పిన చేపల కబుర్లనే పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఆమె చేతికే ఇచ్చాను. చదువుతూ చదువుతూ మూడో వాక్యం దగ్గర ఆగింది. ‘నాన్న పొద్దెక్కాక వేటకు బయలుదేరాడు’ అని నేను రాశాను. ఆమె తలెత్తి, ‘తప్పు రాశారు మాస్టారూ, నాన్న చీకటితోనే వెళ్తాడు’ అంది. చదువుతూ తనంతట తాను ఆగడం అదే మొదటిసారి. పెన్సిలు ఇచ్చాను. పొద్దెక్కాక కొట్టేసి, పైన తన చేత్తో చీకటితోనే అని రాసింది. చ మీద పెట్టిన గుడి దీర్ఘం నా కాగితం మీద ఇంకా ఉంది.