ఈసీజీ మంచిగనే ఉంది, మరి ఇంకెందుకు ఉండాలె?

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చిన రైతుకు ఛాతీలో బరువుగా అనిపించిందనుకోండి. మొదట నోటికొచ్చే మాట ‘గ్యాస్’. సోడా తాగుతాడు, ఒక గ్యాస్ గోలి వేసుకుంటాడు, కాంటా అయ్యేదాకా కదలడు. ఎవరో బలవంతంగా ఆస్పత్రికి తీసుకుపోతే ఈసీజీ మామూలుగా వస్తుంది, ఒకసారి తీసిన రక్తంలోనూ ఏమీ కనబడదు. "మంచిగనే ఉందంట, పోదాం పా" అని లేస్తాడు. డాక్టరు మాత్రం పోనివ్వడు, మూడు గంటలాగి మళ్లీ రక్తం తీయాలంటాడు. బిల్లు పెంచడానికేనని మనవాళ్లకు అనుమానం. ఆ అనుమానం ప్రతిసారీ తప్పని నేననను గానీ, ఈ రెండో సూదికి మాత్రం గట్టి కారణమే ఉంది.

గుండె కండరానికి రక్తం అందక కణాలు చచ్చిపోవడమే గుండెపోటు. కణం దెబ్బతింటే అందులోని ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది, కాకపోతే వెంటనే రాదు. పాతరకం పరీక్షకు దొరకాలంటే మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. హై సెన్సిటివిటీ పరీక్షలు ఇంకా ముందే పట్టుకుంటాయి కాబట్టి, అవి ఉన్నచోట గంటకో రెండు గంటలకో మళ్లీ చూస్తారు. నొప్పి మొదలైన అరగంటకే తీసిన రక్తంలో ఏమీ కనబడకపోతే నిశ్చింతగా ఇంటికి పోవడానికి లేదు.

ఎంతుంటే ఎక్కువ? ఆరోగ్యంగా ఉన్న వంద మందిలో 99 మంది ఏ అంకె లోపల ఉంటారో అదే హద్దు. హద్దు దాటినా గుండెపోటేనని చెప్పలేం. కిడ్నీ జబ్బున్న వాళ్లకు ట్రోపోనిన్ నెలల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు. అందుకే అంకె కదలాలి, పెరగడమో తగ్గడమో కనబడాలి. దాంతోపాటు గుండెకు రక్తం అందలేదనడానికి ఒక్క సాక్ష్యమైనా కావాలని 2018లో వచ్చిన గుండెపోటు నాలుగో సార్వత్రిక నిర్వచనం (ప్రపంచమంతా డాక్టర్లు పాటించేది) చెబుతుంది. నొప్పి, ఆయాసం లాంటి లక్షణాలు కావచ్చు, ఈసీజీలో కొత్త మార్పు కావచ్చు, ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె గోడ ఒకచోట సరిగా కదలకపోవడం కావచ్చు, యాంజియోలో గుండె రక్తనాళంలో దొరికిన రక్తపు గడ్డ కావచ్చు.

ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచి కనబడితే మాత్రం రక్తపరీక్ష కోసం ఆగరు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందనే లెక్కతో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, లేదా మూసుకున్న నాళాన్ని బెలూన్‌తో తెరిచే యాంజియోప్లాస్టీకి తీసుకుపోతారు. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు 10 నిమిషాల్లోపే ఈసీజీ తీయాలనేది అందుకే.

షుగర్ ఉన్నవాళ్లకు అసలు నొప్పే రాకపోవచ్చు, ఆయాసం, చెమటలతోనే సరిపోవచ్చు. ఏదైనా సరే, డాక్టరు పదేపదే అడిగేది ఒకటే: "ఎన్నింటికి మొదలైంది?" గడియారం చూసుకోని మన రైతును అయితే "కాంటాకు ముందా, అయినంకనా?" అని అడగాలి.