రంపం పట్టుకునే ముందు

చిరంజీవులు చిట్టికీ, నానికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరమూ ఫోటోలూ అందాయి. స్టార్ ట్రెక్ సీరియల్లోని అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ బొమ్మని ముక్కలు అతికించి చేసుకునే కిట్ పెట్టె విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పరిచి, టీవీలో బొమ్మని ఆపి ఆపి చూసి, "తాతయ్యా, ఈ కిట్‌లో పదకొండు తప్పులున్నాయి, అన్నీ సరిచేసి అచ్చం తెర మీద ఉన్నట్టే చేస్తాం" అని రాశారు. పదకొండూ చదివాను. వాటిలో నాలుగు నిజంగా తప్పులే. మూడు తప్పులే కావు. మిగతా నాలుగూ మీరు ఏ ఎపిసోడ్ చూశారన్నదాన్ని బట్టి తప్పో ఒప్పో అవుతాయి. అందుకని నాని చేతిలో ఉన్న ఆ చిన్న రంపాన్ని కాసేపు పక్కన పెట్టించి ఇది చదవండి.

ముందు నాకో అనుమానం. మీరు చూసింది పాతదా, కొత్తదా? స్టార్ ట్రెక్ 1966లో టీవీలో మొదలైంది. అప్పట్లో ఓడ అంటే చేత్తో చేసిన అసలు మోడల్. 2006 నుంచి వచ్చిన మెరుగుపరిచిన ప్రతుల్లో ఆ షాట్లు తీసేసి, వాటి స్థానంలో కంప్యూటర్‌లో తయారుచేసిన ఓడని పెట్టారు. చిట్టి పంపిన మూడో ఫోటోలో ఓడ మరీ నున్నగా, మరీ శుభ్రంగా ఉంది చూశారా? అది కంప్యూటర్ ఓడే. దాన్ని చూసి కిట్‌ని కోస్తే ఎవరిదో పోలికలు తెచ్చి ఇంకెవరికో అతికించినట్టు అవుతుంది. బ్లూ రే డిస్కుల్లో రెండు రకాలూ ఉంటాయి. పాతదానికి మార్చుకుని చూడండి.

పాతదానికి మార్చాక కూడా చిక్కు తీరదు. అసలు మోడల్ పొడవు దాదాపు 3.4 మీటర్లు, బరువు సుమారు 90 కిలోలు. చెక్క, ప్లాస్టిక్, రేకు కలిపి 1964లో తయారుచేశారు. ఓడ రూపం గీసింది మాట్ జెఫరీస్. ఆ మోడల్‌ని ఒకసారి చేసి వదిలెయ్యలేదు. మొదటి పైలట్ (సీరియల్‌కి ముందు మచ్చుకి తీసే) ఎపిసోడ్‌కి ఒకలా ఉంది, రెండో పైలట్‌కి కొంత మార్చారు, సీరియల్ మొదలయ్యేటప్పటికి మళ్లీ మార్చారు. పైలట్లలో సాసర్ (ఓడ పైన గుండ్రంగా, వెడల్పుగా ఉండే భాగం) నడినెత్తిన ఉండే బ్రిడ్జి (ఓడని నడిపే గది) గుమ్మటం ఎత్తుగా ఉండేది, సీరియల్‌కి దాన్ని తగ్గించారు. ముందుండే పళ్లెం లాంటి డిష్ మొదట పెద్దది, తరవాత చిన్నది. ఇంజన్ గొట్టాల ముందు టోపీలకు మొదట్లో సూదిలాంటి మొనలుండేవి. సీరియల్‌లో అవి పోయి, లోపల దీపాలు తిరిగే గుండ్రటి టోపీలు వచ్చాయి. గొట్టాల వెనక చివర్లో బంతులు కూడా సీరియల్‌కే వచ్చాయి.

అసలు తమాషా ఏమిటంటే, పైలట్ల కోసం తీసిన షాట్లని పారెయ్యలేదు. సీరియల్‌లో మళ్లీ మళ్లీ వాడుకున్నారు. అందుకే ఒకే ఎపిసోడ్‌లో ఓడ ఒక షాట్‌లో మొనలతో కనిపిస్తుంది, ఇంకో షాట్‌లో మొనలు మాయమైపోతాయి. మీ జాబితాలో ఐదో తప్పు (బ్రిడ్జి ఎత్తు), ఎనిమిదో తప్పు (డిష్ సైజు) పుట్టుకొచ్చింది ఇక్కడే. ఒక షాట్ చూసి ఒకటి, మరో షాట్ చూసి మరొకటి రాసుకున్నారు. ఆ రెండూ కలిపి చేస్తే వచ్చే ఓడ ఏ రోజునా కెమెరా ముందు నిలబడింది కాదు. ఒక రూపాన్ని ఎంచుకోండి. నన్నడిగితే సీరియల్ రూపమే చెయ్యండి, దీపాలు పెట్టే సరదా అందులోనే ఉంది. మొనలు లేకపోతే నాని అలుగుతాడేమో! అలిగితే పైలట్ రూపమే చెయ్యండి, కానీ అప్పుడు అన్నీ పైలట్‌వే ఉండాలి.

ఆ మోడల్ ఇప్పుడు వాషింగ్టన్‌లో, స్మిత్‌సోనియన్ వారి ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది. 1974లో వాళ్లకి ఇచ్చేశారు. మ్యూజియం ఫోటోలు దొరికాయి కదా, ఇంక ఢోకా లేదు అనుకోకండి. ఫోటో ఏ ఏడాదిదో చూసుకోండి. 1991లో బాగుచేసినప్పుడు కింది భాగాలకు కొత్త రంగు వేసి, గళ్ల గీతలని గాఢంగా దిద్దారు. అది అప్పట్లో చాలామందికి నచ్చలేదు. సాసర్ పైభాగం రంగుని మాత్రం ముట్టుకోలేదు, అదే మేలైంది. 2016లో మళ్లీ బాగుచేసి ప్రదర్శనకు పెట్టినప్పుడు ఆ మిగిలిన పాత రంగే ఆధారమైంది. కాబట్టి మధ్య కాలపు ఫోటోలని పక్కన పెట్టండి, 2016 తరవాతివి దాచుకోండి.

ఇప్పుడు మీ కిట్ దగ్గరికి వద్దాం. అది 1:650 కొలతది అన్నారు. కథలో ఓడ పొడవు 289 మీటర్లు. 650తో భాగిస్తే 44 సెంటీమీటర్ల పైచిలుకు. మీ స్కేలుతో కొలిచి చూసుకోండి.

సాసర్ మీద గళ్ల గళ్లుగా గాళ్లు చెక్కి ఉన్నాయి కదా, మీ జాబితాలో అది లేనే లేదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. ఒక్కో గాడి 0.3 మిల్లీమీటర్ల వెడల్పనుకుందాం. 650తో హెచ్చవేస్తే దాదాపు 20 సెంటీమీటర్లు. అంటే ఆ ఓడ మీద ఎవరైనా నడిస్తే అడుగడుక్కీ గాళ్లలో కాలు ఇరుక్కుంటుంది. అసలు మోడల్ మీద గాళ్లే లేవు. ఆ గీతలు పెన్సిల్‌తో గీసినవి, తెర మీద దాదాపు కనిపించవు. కాబట్టి ముందు పూడ్చాలి, తరవాత గీయాలి.

పూడ్చడం ఓపిక పని. ట్యూబులో వచ్చే పుట్టీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఒకేసారి దట్టంగా పూస్తే రెండు రోజులకి గాడి మళ్లీ నీడలా తేలుతుంది. పల్చగా పూసి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు మళ్లీ పూయండి. సూపర్ గ్లూతో కూడా పూడ్చవచ్చు, అది కుంచించుకుపోదు. కానీ మర్నాటి దాకా వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడిపోతుంది. అప్పుడు రుద్దితే ప్లాస్టిక్ అరుగుతుంది గానీ జిగురు అరగదు, గాడి ఉన్నచోట గట్టు లేస్తుంది. అందుకే గంటలోపే రుద్దెయ్యాలి. గరుకు కాగితం 400తో మొదలుపెట్టి 600, ఆపైన 1000కి వెళ్లండి. కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దండి, దుమ్ము ముక్కులోకి పోదు, గీతలూ తక్కువ పడతాయి.

అయిపోయిందో లేదో కంటికి తెలియదు. రాత్రి లైట్లు ఆర్పి, టార్చిని సాసర్ అంచు పక్కన దాదాపు పడుకోబెట్టి వెలిగించండి. ఏ చిన్న పల్లమున్నా నీడ పడుతుంది. వేలి కొసతో కళ్లు మూసుకుని తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ తరవాత బూడిద రంగు ప్రైమర్ పల్చగా కొట్టండి. కనపడకుండా దాక్కున్న గాళ్లన్నీ అప్పుడు బయటపడతాయి. బయటపడితే ఏడవకండి, అందరికీ బయటపడతాయి. ప్రైమర్ పని అదే.

ఇక గీయడం. బ్రిడ్జి ముక్కని ఇప్పుడే అతికించకండి. సాసర్ నడిమధ్యన ఖాళీ ఉంటుంది కదా, అక్కడ ఒక గుండుసూదిని నిలబెట్టండి. అట్టముక్కని పొడుగ్గా కత్తిరించి, ఒక చివర సూదికి గుచ్చి, కావలసిన దూరంలో పెన్సిల్ మొన పట్టేంత చిల్లు పెట్టండి. అట్టని గుండ్రంగా తిప్పితే వృత్తం వస్తుంది. బండి చక్రం ఆకుల్లా విచ్చుకునే గీతలకి కాగితం మీద కోణాలు గీసుకుని అదే సూదికి తగిలించండి. పెన్సిల్ గట్టిది తీసుకోండి, 2H లాంటిది. నొక్కకండి. చేయి చాచి ఓడని దూరంగా పట్టుకుంటే గీత ఉన్నట్టూ లేనట్టూ ఉండాలి. చిట్టి చెయ్యి తేలిక, ఈ పని దానికి ఇవ్వండి. (నానీ, నీ లెక్కల నోటు పుస్తకంలో పెన్సిల్ గీతలు వెనక పేజీ మీద కూడా కనపడతాయి. అందుకే చెప్తున్నా.)

ఇంజన్ గొట్టాలు వాలిపోవడం మీ జాబితాలో మొదటి తప్పు. అది తప్పే, నేనూ అనుభవించాను. నేను చేసిన మొదటి ఎంటర్‌ప్రైజ్ అతికించినప్పుడు నిటారుగానే నిలబడింది. ఆరు నెలలకి రెండు గొట్టాలూ అలిసిపోయిన ఎద్దు చెవుల్లా వేలాడాయి. సన్నటి ఆసరా మీద బరువు పడితే ప్లాస్టిక్ మెల్లిగా వంగుతుంది. మళ్లీ అతికించాను, మళ్లీ వంగింది. మూడోసారి ఆసరాల లోపల సన్నటి ఇత్తడి గొట్టం దూర్చి, దాన్ని ఓడ నడుము దాకా దింపాను. ఇప్పటికీ కదల్లేదు. ఆ ఇత్తడి గొట్టంలోంచే దీపాల వైర్లు కూడా వెళ్తాయి, ఒక దెబ్బకి రెండు పిట్టలు. అతికించేటప్పుడు ఓడని ముందు నుంచి, కళ్ల ఎత్తులో పెట్టుకుని చూడండి. పక్కనుంచి చూస్తే వంకర తెలియదు.

దీపాల గురించి చెప్పమన్నారు. సీరియల్ ఓడలో గొట్టాల ముందు టోపీలు లోపలి వెలుతురు బయటికి కనిపించేలా ఉండేవి. లోపల మిణుకుమిణుకుమనే చిన్న దీపాలు, వాటి ముందు మోటారుతో తిరిగే రెక్కలు, చిన్న అద్దం ముక్కలు ఉండేవి. మీరు మోటారు దాకా వెళ్లొద్దు, ఈసారికి వంతులవారీగా వెలిగే ఎల్ఈడీలు చాలు. టోపీకి లోపలివైపు పారదర్శకమైన నారింజ రంగు వెయ్యండి. బయట వేస్తే గోటికే ఊడిపోతుంది.

బ్యాటరీని ఎల్ఈడీకి నేరుగా తగిలిస్తే అది క్షణంలో మాడుతుంది. 9 వోల్టుల బ్యాటరీ, 3 వోల్టుల తెల్ల ఎల్ఈడీ అనుకోండి. మిగిలిన 6 వోల్టులని రెసిస్టర్ మింగాలి. కరెంటు 20 మిల్లీ ఆంపియర్లయితే 6ని 0.02తో భాగించండి, 300 ఓమ్‌లు. కొంచెం పైదే మంచిది, 330 పెట్టండి. సోల్డరింగ్ మీ నాన్న పక్కన ఉన్నప్పుడే.

దీపం పెట్టే ముందు మరో పనుంది. పల్చటి ప్లాస్టిక్ గుండా వెలుతురు బయటికి వచ్చేస్తుంది, ఓడ మొత్తం లాంతరులా వెలుగుతుంది. లోపలంతా నల్ల రంగు కొట్టి, దాని మీద తెలుపు కొట్టండి. నలుపు వెలుతురుని ఆపుతుంది, తెలుపు దాన్ని కిటికీల వైపు తోస్తుంది. రెండు సగాలనీ అంటించక ముందే చీకటి గదిలో పరీక్షించండి. అంటించాక కనిపించే వెలుతురు చిల్లుకి వైద్యం లేదు.

రంగు విషయంలో తెరని నమ్మకండి. తెర మీద ఓడ ఒక్కోసారి తెల్లగా, ఒక్కోసారి నీలిగా ఉంటుంది. వెనక నీలం తెర పెట్టి తీశారు, ఆ నీలం ఓడ మీద పడింది. అసలు రంగు లేత బూడిద, అందులో ఆకుపచ్చ ఛాయ రవ్వంత. రంగు మీద డెకాల్స్ (కిట్‌తో వచ్చే అంకెల, గుర్తుల పల్చటి అంటింపులు) అంటించే ముందు నిగనిగలాడే వార్నిష్ వెయ్యండి, లేకపోతే వాటి అంచుల కింద గాలి చేరి వెండి పొరలా మెరుస్తాయి. చివర్లో నిగనిగ తగ్గించే వార్నిష్.

స్టార్ వార్స్ ఓడలు దీనికన్నా కష్టం కదా అని చిట్టి అడిగింది. నాకైతే తేలికనిపిస్తుంది. వాటిని చేసినవాళ్లు దుకాణంలో దొరికే యుద్ధ ట్యాంకుల కిట్ల ముక్కలు తెచ్చి ఒంటి నిండా అంటించారు. అంత చెత్త మధ్యన మన తప్పొకటి చేరినా ఎవరూ పట్టుకోరు. ఎంటర్‌ప్రైజ్ ఒళ్లంతా నున్నగా ఉంటుంది, దాక్కునే చోటు లేదు.

ఇంత పని చేశాక కూడా ఒక్క తప్పూ సరిచెయ్యని కిట్టే తెరకి అచ్చంగా సరిపోయిన సందర్భం ఒకటుందని చెప్తే తిట్టుకోకండి. 1967లో ఒక ఎపిసోడ్‌కి శిథిలమైన ఇంకో ఓడ కావలసి వచ్చింది. అమ్మకానికున్న ఎంటర్‌ప్రైజ్ కిట్‌నే తెచ్చి, కాల్చి, చిదిమి, కాన్‌స్టెలేషన్ అని పేరు పెట్టారు. నంబరు ఏం వేశారో తెలుసా? ఎంటర్‌ప్రైజ్ నంబరు 1701. పెట్టెలో ఉన్న అంకెలే అటూ ఇటూ మార్చి 1017 వేశారు.

మీ జాబితాలో చివరిది, "ఎడమవైపు ఫోటోలు ఎక్కడా సరిగ్గా దొరకడం లేదు" అన్నది. దొరకవు. దీపాల వైర్లన్నీ అసలు మోడల్‌లోకి ఎడమవైపు నుంచే వెళ్లాయి. అందుకని ఆ పక్కన వివరాలు పూర్తిచెయ్యలేదు, ఎప్పుడూ కుడివైపు నుంచే తీశారు. ఎడమవైపు షాట్ కావాలంటే నంబర్లు అద్దంలోలా తిప్పి అంటించి, ఫిల్మ్‌ని తిరగేసేవారు. ఆ పక్క మీరు ఏం చేసినా తెర మీది ఆధారం చూపించి తప్పు పట్టేవాడు లేడు. నేను నా ఓడకి బ్యాటరీ మూత అటువైపే పెట్టాను.

పూర్తయ్యాక ఫోటో పంపండి. కుడివైపు నుంచి.

మీ
తాతయ్య