పైలట్లు, యూనియన్లు: మనవైపు వినిపించే అపోహలు - వాస్తవాలు

నేను ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం నడుపుతాను. సొంతూరు కడప. పెళ్లికి పోయినా, తిరునాళ్లకు పోయినా నా ఉద్యోగం గురించి ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయినప్పటి నుంచి ఆ మాటలన్నీ పైలట్ల మీదికి, యూనియన్ల మీదికి మళ్లాయి. వాటిలో నిజం కన్నా ఊహే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పైలట్లు సమ్మె చేశారు, అందుకే విమానాలు ఆగిపోయాయి.

వాస్తవం: అప్పుడు సమ్మే జరగలేదు. పైలట్ల డ్యూటీ, విశ్రాంతి నిబంధనలను విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే మార్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి ల్యాండింగుల పరిమితి ఆరు నుంచి రెండుకు తగ్గింది. అమలు వాయిదా పడుతూ వస్తే పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టుబట్టాయి. చివరికి 2025 జూలైలో కొన్ని, నవంబర్ 1 నుంచి మిగతావి అమల్లోకి వచ్చాయి. దాదాపు రెండేళ్ల గడువున్నా, పెరిగిన విశ్రాంతికి సరిపడా పైలట్లను ఇండిగో సిద్ధం చేసుకోకపోవడంతో రోస్టర్, అంటే ఎవరు ఎప్పుడు ఏ విమానం నడపాలన్న పట్టిక, కుప్పకూలింది. ఎయిర్‌పోర్టులో పిల్లలతో రాత్రంతా నేల మీద పడుకున్నవాళ్ల కోపం న్యాయమైనదే. ఆ కోపం యూనిఫాంలో ఎదురుగా కనిపించినవాళ్ల మీద పడింది, అదే నాకు బాధ.

అపోహ: నెలకు డెబ్బై, ఎనభై గంటల పని, లక్షల్లో జీతం. వీళ్లకు యూనియన్ ఎందుకప్పా?

వాస్తవం: ఆ గంటలు విమానం పార్కింగ్ నుంచి కదిలినప్పటి నుంచి మళ్లీ పార్కింగ్‌లో ఆగేదాకా మాత్రమే. బ్రీఫింగ్, వాతావరణం చూసుకోవడం, ఇంధనం లెక్క, చుట్టూ తిరిగి టైర్లు, ప్రొపెల్లర్లు పరిశీలించడం, ప్రయాణికులు దిగి ఎక్కేదాకా ఆగడం, ఇవేవీ అందులో కలవవు. హైదరాబాద్ నుంచి కడపకు వచ్చి, తిరిగి పోయి, ఇంకో ఊరికి పోయి రావాలంటే నాలుగు సెక్టార్లు, అంటే నాలుగుసార్లు ఎగిరి దిగడం. లాగ్‌బుక్‌లో ఐదు గంటలు పడితే, డ్యూటీ ఎనిమిది, తొమ్మిది గంటలు అవుతుంది. ఉదయం 6 గంటల విమానమంటే మూడున్నరకల్లా లేవాలి. మే నెల మిట్టమధ్యాహ్నం మన కడప ఎండలో దిగేటప్పుడు వేడిగాలికి విమానం ఊగుతుంటుంది. అది ఆ రోజు నాలుగో ల్యాండింగ్ అయితే, ముందు రాత్రి ఎంత నిద్ర పట్టిందన్నదే లెక్కలోకి వస్తుంది. అందుకే పైలట్ల సంఘాల పేచీ చాలాసార్లు రోస్టర్ దగ్గర, సెలవుల దగ్గర, బేస్ (పైలట్ డ్యూటీ మొదలయ్యే ఊరు) దగ్గర మొదలవుతుంది.

అపోహ: బడ్జెట్ ఎయిర్‌లైన్‌లోకి యూనియన్ వస్తే కంపెనీ మునిగిపోతుంది.

వాస్తవం: దీనికి జవాబు ఐర్లండ్ బడ్జెట్ ఎయిర్‌లైన్ ర్యాన్‌ఎయిర్‌లో దొరుకుతుంది. 1985లో విమానాలు మొదలుపెట్టిన ఈ సంస్థ ముప్పై ఏళ్లకు పైగా యూనియన్లను గుర్తించనే లేదు. ఏ బేస్‌కు ఆ బేస్ ఉద్యోగుల కమిటీతో విడివిడిగా మాట్లాడేది. చాలామంది పైలట్లు కంపెనీ ఉద్యోగులు కూడా కారు, ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. దాని అధిపతి మైకేల్ ఓలియరీ యూనియన్ల మీద ఎంత కటువుగా మాట్లాడేవాడో యూరప్ అంతా తెలుసు.

2017 సెప్టెంబర్‌లో కథ అడ్డం తిరిగింది. పైలట్ల సెలవులు లెక్కగట్టే సంవత్సరాన్ని జనవరి-డిసెంబర్‌కు మార్చాల్సి రావడంతో ఏడాది సెలవులన్నీ కొద్ది నెలల్లోనే ఇవ్వాల్సి వచ్చింది. నడిపేవాళ్లు చాలక ముందు రెండు వేల విమానాలు, తర్వాత శీతాకాలానికి మరో 18 వేలు రద్దయ్యాయి. సెలవు రోజుల్లో పనిచేస్తే బోనస్ ఇస్తామని ఆశ చూపినా చాలా బేస్‌ల పైలట్లు ఒప్పుకోలేదు. క్రిస్మస్ ముందు ఇటలీ, ఐర్లండ్, జర్మనీ పైలట్లు సమ్మెకు దిగుతామనేసరికి, డిసెంబర్ 15న కంపెనీ యూనియన్లను గుర్తిస్తామని ప్రకటించింది. ఓలియరీ మనసు కరిగి జరిగింది కాదిది. పైలట్లకు గిరాకీ ఉన్న రోజుల్లో వాళ్లంతా ఒక్క మాట మీద నిలబడ్డారు.

గుర్తించగానే గొడవలు తీరలేదు. 2018 ఆగస్టు 10న ఐదు దేశాల పైలట్లు సమ్మె చేస్తే దాదాపు 400 విమానాలు రద్దయ్యాయి. ఐర్లండ్ పైలట్లు అడిగింది బేస్ బదిలీల్లో, సెలవుల్లో, కెప్టెన్ ప్రమోషన్లలో సీనియారిటీ పాటించమని. మధ్యవర్తిని పెట్టుకుని ఆ నెలలోనే రాజీకి వచ్చారు. 2020లో కరోనా వచ్చినప్పుడు బ్రిటన్, ఐర్లండ్ పైలట్ల యూనియన్లే ఉద్యోగాలు నిలబెట్టుకోవడానికి 20 శాతం జీతం కోతకు ఒప్పుకున్నాయి, దాన్ని దశలవారీగా తిరిగి ఇచ్చేలా రాయించుకుని. వేలమందితో విడివిడిగా మాట్లాడి తెచ్చుకోగలిగిన ఒప్పందం కాదది. కంపెనీ మునిగిందా? 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో 20 కోట్ల మందిని మోసింది.

అపోహ: అందరూ ఒకేసారి సెలవు పెడితే సమ్మె కిందికి రాదు.

వాస్తవం: 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకేరోజు సగం మంది లేదా అంతకు మించి మూకుమ్మడిగా క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మే. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. పోనీ సిక్ లీవ్ దారిలో పోదామని ఏ కుర్రాడైనా అంటే నేను వద్దనే చెప్తాను. జబ్బు పడినవాడు నిజంగా సెలవు అడిగినా నమ్మని పరిస్థితి వస్తుంది.

అపోహ: నచ్చకపోతే ఇంకో కంపెనీకి పోవచ్చు కదా.

వాస్తవం: 2017లో డీజీసీఏ పెట్టిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి. దీనికి తోడు శిక్షణ బాండ్లు, అంటే ఇన్నేళ్లు పనిచేస్తామని, మధ్యలో మానేస్తే డబ్బు కడతామని రాసిచ్చే ఒప్పందాలు. కర్నూలు, అనంతపురం నుంచి పొలం తాకట్టు పెట్టి పిల్లలను పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు నాకు ఫోన్ చేసి జీతం ఎంత వస్తుందనే అడుగుతారు. ఆఫర్ లెటర్ వచ్చాక బేస్ ఎక్కడ, బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, రోస్టర్ మారిస్తే ఎన్ని రోజుల ముందు చెప్తారు, ఈ నాలుగూ చదవండి. అర్థం కాకపోతే సంతకం పెట్టకముందే ఆ కంపెనీలో పనిచేసే పైలట్‌నో, లేబర్ కేసులు చూసే లాయర్‌నో అడగండి.