డీజిలా, మోటార్ మెకానిక్కా? ఐటీఐ సీటు ముందు వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఐటీఐ కౌన్సెలింగ్ ముగిసేదాకా మా షెడ్డుకి బండ్లతో పాటు తల్లిదండ్రులూ వస్తుంటారు. గాజువాక ఆటోనగర్‌లో చాన్నాళ్లుగా లారీలు, టిప్పర్ల పని చేస్తున్నాను కాబట్టి తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకి చెప్పి పంపిస్తారు. "మేస్త్రి గారూ, మావాడికి మెకానిక్ డీజిల్‌లో సీటు వస్తోంది, మోటార్ మెకానిక్‌లో కూడా వస్తుందంటున్నారు. ఏది తీసుకోమంటారు?" అని మొదలుపెడతారు. నేను నోరు విప్పేలోపే, "అయినా డీజిల్ అయిపోయిందంటున్నారు కదండీ" అని వాళ్లే ముగించేస్తారు. ఎంతమందికని విడివిడిగా చెప్పను? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డీజిల్ పని అయిపోయింది. ఆ ట్రేడ్ తీసుకుంటే పిల్లాడు రోడ్డున పడతాడు.

పడడు. మూడు వేర్వేరు వార్తల్ని వాట్సాప్‌లో కలిపేసి ఈ పుకారు తయారుచేశారు. ఒక్కోటీ విడదీసి చూస్తే భయం చాలావరకు పోతుంది.

మొదటిది ఢిల్లీ వార్త. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఆదేశం ఢిల్లీకి, దాని చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతానికి. మన దగ్గర సొంత కారు 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటాం. డీజిల్ కారైనా, పెట్రోల్ కారైనా అంతే.

రెండోది "2027లో డీజిల్ బండ్లు బంద్" అనే ఫార్వర్డ్. పెట్రోలియం శాఖ వేసిన ఒక కమిటీ, పది లక్షల జనాభా దాటిన నగరాల్లో 2027 నాటికి డీజిల్ నాలుగు చక్రాల బండ్లను ఆపాలని సిఫార్సు చేసింది. ఆ నివేదిక 2023లో బయటికొచ్చింది. దాన్ని ప్రభుత్వం ఇంకా ఆమోదించలేదని శాఖ అప్పుడే చెప్పింది. సిఫార్సు వేరు, చట్టం వేరు. మొదటి సగం పంపినవాళ్లు రెండో సగం పంపలేదు. వినేవాళ్లు ఏం చేస్తారు పాపం, భయపడతారు.

మూడోది మాత్రం నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా కొత్త బండ్ల పొగకి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అప్పుడే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. చిన్న డీజిల్ ఇంజిన్‌కి ఆ ఫిల్టర్లు, సెన్సార్లు అన్నీ పెడితే కారు ధర గిట్టుబాటు కాదు. చిన్న కార్లలో డీజిల్ తగ్గింది, ఇంకా తగ్గుతుంది. రైల్వేలో కూడా విద్యుదీకరణ దాదాపు పూర్తయింది. ఒకప్పుడు డీజిల్ ఇంజిన్లకే పేరున్న గుత్తి షెడ్డులో ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజిన్లనూ చూస్తున్నారు. ఈ రెండు చోట్ల డీజిల్ తగ్గలేదని నేను చెప్పను.

కానీ డీజిల్ మెకానిక్ అన్నం తినేది చిన్న కారు మీద కాదు. మా వీధి చివర నిలబడి చూడండి. పోర్టుకి వెళ్లే లారీలు, ట్రెయిలర్లు, కంకర టిప్పర్లు, రెడీమిక్స్ బండ్లు, క్రేన్లు, జేసీబీలు. ఊళ్లలోకి వెళ్తే ట్రాక్టర్లు, వరికోత మిషన్లు. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద కరెంటు పోగానే జనరేటర్ మోగాలి, లేకపోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ చక్రాలు ఆగి తెల్లారేసరికి చెరువంతా పోతుంది. ఆస్పత్రుల్లో, అపార్ట్‌మెంట్లలో జనరేటర్లు సరేసరి. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌ల్లో డంపర్లు, చీమకుర్తి క్వారీల్లో యంత్రాలు. వీటిలో ఎన్నిటికి బ్యాటరీ వచ్చిందో మీరే లెక్కేసుకోండి. కొన్నిటికి వస్తుంది, రావాలి కూడా. కానీ ఇవాళ రోడ్డెక్కిన కొత్త లారీ ఇంకో పదేళ్లు, పదిహేనేళ్లు తిరుగుతుంది. దాన్ని ఎవరో ఒకరు బాగుచేయాలి.

హార్బర్ సంగతి చెప్తాను. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకి ఇంజిన్ పని చేయించుకోవడానికి అదే సమయం. లైనర్లు, పిస్టన్లు, హెడ్డు, పంపు, గేర్‌బాక్సు, అన్నీ ఆ రెండు నెలల్లోనే అయిపోవాలి. ఆ రోజుల్లో మంచి బోటు మెకానిక్ కోసం ఓనర్లు ముందే వచ్చి మాట్లాడుకుంటారు. ఒడ్డుకి దూరంగా ఇంజిన్ ఆగితే పోయేది డబ్బొక్కటే కాదు కాబట్టి, అక్కడ పనిమంతుడికి ఉండే మర్యాద వేరు. బోటు ఇంజిన్ పని పట్టుకున్న కుర్రాడు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

మరి అయిపోతున్నదేమిటి? పానా పట్టుకుని విప్పడం, బిగించడం మాత్రమే వచ్చినవాడి రోజులు. పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

ఈమధ్య ఒక బీఎస్-6 టిప్పర్ వచ్చింది. లోడుతో ఎత్తు ఎక్కనంటోంది. అప్పటికే రెండు చోట్ల చూపించారు. ఒకరు ఫిల్టర్లు మార్చారు, ఇంకొకరు నాజిళ్లు మార్చారు. తర్వాత పంపు దించాలన్నారట. ఓనర్ మా దగ్గరకొచ్చేసరికి సగం ప్రాణంతో ఉన్నాడు, ఫైనాన్స్ వాయిదా దగ్గరపడింది. స్కానర్ పెడితే పొగ శుద్ధిచేసే ఎస్‌సీఆర్ పనితీరు తక్కువగా ఉందని కోడ్ చూపించింది. ఆ శుద్ధికి వాడే యూరియా ద్రవం ట్యాంకులోంచి రెండు చుక్కలు తీసి, ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే రిఫ్రాక్టోమీటర్ మీద వేసి చూశాం. యూరియా 32.5 శాతం ఉండాలి, దానికి దరిదాపుల్లో కూడా లేదు. ఎక్కడో రోడ్డు పక్కన చవగ్గా కొన్న డబ్బాలో నీళ్లే ఎక్కువ. ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగాయని ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, తనే పవర్ తగ్గించేసింది. ట్యాంకు ఖాళీచేసి, కడిగి, సరైన ద్రవం పోసి, కోడ్ తీసేసి ట్రయల్‌కి పంపితే బండి మామూలుగా ఎక్కింది. మార్చిన నాజిళ్ల డబ్బు మాత్రం తిరిగిరాదు.

ఆ నాజిళ్లు మార్చిన మెకానిక్‌కి చెయ్యి మంచిదే, నాకు తెలుసు. పాత పంపు ఇంజిన్ మీద అతన్ని మించినవాడు లేడు. కానీ కోడ్ చదవడం, వైరింగ్ బొమ్మ చూసి మల్టీమీటర్‌తో సెన్సార్ దాకా వెళ్లడం ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు లారీలే కాదు, 2023 జులై తర్వాతి కొత్త కాలుష్య నిబంధనలతో జనరేటర్లకీ, 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకీ ఇదే దారి. డీజిల్ పని పోవట్లేదు, కష్టమవుతోంది. కష్టమైన పని నేర్చుకున్నవాడికే ధర.

ఈ పుకారు వల్ల నష్టపోయినవాళ్లని చూశాను కాబట్టే ఇంత చెప్తున్నాను. ఆటో నడుపుకునే ఒకాయన, కొడుక్కి ప్రభుత్వ ఐటీఐలో వచ్చిన డీజిల్ సీటు వదిలించేశాడు. "ముందంతా ఈవీలే" అని ఎవరో చెబితే, అప్పుచేసి ఒక ప్రైవేటు కేంద్రంలో కొన్ని నెలల ఈవీ కోర్సులో చేర్పించాడు. ఐటీఐ ట్రేడ్లకి దేశమంతా చెల్లే ఎన్‌సీవీటీ గుర్తింపు ఉందో లేదో అడగాలని ఆయనకి తెలీదు. పిల్లాడు ఆ కాగితం పట్టుకుని అప్రెంటిస్‌షిప్‌కి వెళ్తే ఐటీఐ సర్టిఫికెట్ ఏదన్నారు. సంవత్సరం పోయింది, అప్పు మిగిలింది. ఆ తండ్రిని తప్పుపట్టలేను. బిడ్డ బాగుండాలనే చేశాడు. ఆ మాట చెప్పి పంపినవాళ్ల మీదే నాకు కోపం.

అపోహ: డీజిల్ ట్రేడ్ అంటే లారీలు, మోటార్ మెకానిక్ అంటే పెట్రోల్ కార్లు.

మెకానిక్ మోటార్ వెహికల్, మనవాళ్లు ఎంఎంవీ అంటారు, పెట్రోల్ కోర్సు కాదు. అందులోనూ డీజిల్ ఇంజిన్ విప్పి బిగిస్తారు. దాంతో పాటు గేర్‌బాక్స్, బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, ఎలక్ట్రికల్ అన్నీ వస్తాయి, అంటే బండి మొత్తం. మెకానిక్ డీజిల్‌లో బరువంతా ఇంజిన్ మీద, ఇంధనం సరఫరా మీద ఉంటుంది. తేడా ఇంధనంలో లేదు.

పైగా ఆ గీత షాపుల్లో ఎప్పుడో చెరిగిపోయింది. కొత్త పెట్రోల్ కార్లకి టర్బో వచ్చింది, సిలిండర్లోకే నేరుగా కొట్టే ఇంజెక్షన్ వచ్చింది. సీఎన్‌జీ లారీ ఇంజిన్ చూడటానికి డీజిల్ ఇంజిన్‌లాగే ఉంటుంది, లోపల స్పార్క్ ప్లగ్గులుంటాయి. మా షెడ్డులో డీజిల్ చదివిన కుర్రాడే ఇప్పుడు ప్లగ్గులు, కాయిళ్లు చూస్తున్నాడు. పిల్లాడికి భారీ బండ్ల పని, రోడ్డు మీద, సైటు మీద పడుకుని చేసే పని పడుతుందా, లేక ఒక చోట కార్ల సర్వీసు సెంటర్‌లో చేసే పని పడుతుందా, అది అడగండి.

అపోహ: డీజిల్ ఏడాదిలో అయిపోతుంది, ఎంఎంవీ రెండేళ్లు. సర్టిఫికెట్ సర్టిఫికెట్టే కదా, ఏడాది మిగులుతుంది.

రెండూ ఎన్‌సీవీటీ సర్టిఫికెట్లే, ఆ మాట నిజం. కానీ రెండేళ్ల ఐటీఐ పాసైనవాడికి పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదిలో చేరే అవకాశం ఉంది. దానికి మార్కులు, బ్రిడ్జి కోర్సు షరతులుంటాయి. ఏడాది ట్రేడ్‌కి ఆ అవకాశం లేదు. పిల్లాడు ముందుకి చదువుతానంటే ఎంఎంవీ తీసుకోండి. ఇంటి పరిస్థితి బాగోక తొందరగా సంపాదన కావాలంటే డీజిల్ చేయించి వెంటనే అప్రెంటిస్‌షిప్‌లో పెట్టండి. అందులో చిన్నతనమేమీ లేదు. అప్రెంటిస్‌షిప్ మాత్రం వదలొద్దు.

అపోహ: రైల్వేకి డీజిల్ ట్రేడే కావాలి, ఆర్టీసీకి మోటార్ మెకానిక్కే కావాలి.

రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్‌లో ఇచ్చే ఐటీఐ ట్రేడ్ల జాబితాలో ఈ రెండూ ఉంటాయి. ఆర్టీసీ డిపోలు అప్రెంటిస్‌లుగా రెండు ట్రేడ్లవాళ్లనీ తీసుకుంటాయి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మన రెండు రాష్ట్రాల్లో ఆర్టీసీ పేరుతో తిరిగే ఎలక్ట్రిక్ బస్సుల్లో చాలావరకు కిలోమీటరుకి ఇంత అనే అద్దె ఒప్పందం మీద నడుస్తున్నాయి. వాటి మెయింటెనెన్స్ బస్సు ఇచ్చిన కంపెనీదే. ఎలక్ట్రిక్ బస్సు పని కావాలంటే అడగాల్సింది ఆ కంపెనీలని.

అపోహ: డీజిల్ మెకానిక్ అయితే గల్ఫ్ వీసా గ్యారంటీ.

భారీ యంత్రాల పని తెలిసినవాళ్లకి అక్కడ గిరాకీ ఉంది. గ్యారంటీ ఎవరికీ లేదు. అక్కడ ట్రేడ్ టెస్టు పెడతారు, కాగితం చూసి వదిలేయరు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోదగ్గ సర్వీసు చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రెండు మూడేళ్లు ఇక్కడ పని నేర్చుకోకుండా పంపకండి.

అపోహ: ఇప్పుడు అన్నీ కంప్యూటరే చెప్తుంది, మెకానిక్ పని తేలికైపోయింది.

స్కానర్ కోడ్ చెప్తుంది, కారణం చెప్పదు. పైగా అన్ని నాజిళ్లకీ ఒకే పైపు నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ పంపే కామన్‌రైల్ వచ్చాక ప్రమాదం పెరిగింది. ఆ పైపుల్లో 1,600 బార్, అంతకు మించిన ఒత్తిడి ఉంటుంది. ఎక్కడ లీకవుతోందో చూద్దామని ఇంజిన్ నడుస్తుండగా వేలు పెడితే, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. నొప్పి లేదని ఊరుకోకుండా అప్పటికప్పుడు సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాలి. అట్టముక్క పెట్టి చూడాలి, చెయ్యి కాదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు నేను చెప్పేది ఇదే.

ఇక ఫీజు కట్టే ముందు ఆ ఐటీఐకి ఒక్కసారి మీరే వెళ్లండి. మీ ట్రేడ్‌కి ఎన్‌సీవీటీ గుర్తింపు ఉందో లేదో కాగితం చూపించమనండి. వర్క్‌షాప్ తలుపు తీయించండి. స్టార్టయ్యే ఇంజిన్ ఒకటైనా ఉందా, కామన్‌రైల్ ఇంజిన్ ఉందా, పిల్లలు వాడే స్కానర్ ఉందా అడగండి. సీనియర్ల చేతులు చూడండి. గ్రీజు అంటిన చేతులు కనిపిస్తే చేర్పించండి, కనిపించకపోతే ఇంకో ఐటీఐ చూసుకోండి.