అణువుల ఆకృతి: అపోహలు - వాస్తవాలు

రసాయన బంధం పాఠంలో విద్యార్థులు బంధ కోణాలను కంఠస్థం చేసినంత శ్రద్ధగా వాటి కారణాన్ని పట్టించుకోరు. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: పరమాణువుల సంఖ్య ఒకటే అయితే ఆకృతి కూడా ఒకటే.

వాస్తవం: బోరాన్ ట్రైఫ్లోరైడ్, అమ్మోనియా రెండింటిలోనూ కేంద్ర పరమాణువు చుట్టూ మూడు బంధాలే ఉన్నా, మొదటిది 120 డిగ్రీల కోణాలతో సమతలంగా పరచుకుంటుంది, రెండవది సుమారు 107 డిగ్రీల కోణాలతో పిరమిడ్ ఆకృతిని పొందుతుంది. అమ్మోనియాలోని నైట్రోజన్‌పై బంధంలో పాల్గొనకుండా మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్ జంట, బంధాల్లోని ఎలక్ట్రాన్ జంటలను వికర్షించడమే ఇందుకు కారణం. నీటిలో అలాంటి జంటలు రెండు ఉండటంతో కోణం 104.5 డిగ్రీలకు తగ్గుతుంది. రసాయన శాస్త్రవేత్తలు గిలెస్పీ, నైహోమ్ 1957లో ఈ వికర్షణ భావననే క్రమబద్ధంగా వివరించారు.

అపోహ: బంధాలు ధ్రువశీలమైతే (ఒక కొన కాస్త ధన, మరో కొన కాస్త ఋణ ఆవేశంతో ఉంటే) అణువు కూడా ధ్రువశీలమే.

వాస్తవం: కార్బన్ డైఆక్సైడ్‌లో రెండు బంధాలూ ధ్రువశీలమైనవే, కానీ అవి ఒకే రేఖపై ఎదురెదురుగా ఉండి పరస్పరం రద్దు చేసుకోవడం వల్ల, అణువు మొత్తం ధ్రువతను తెలిపే ద్విధ్రువ భ్రామకం సున్నా అవుతుంది. ఇంతకన్నా ఆలోచింపజేసేది నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్. ఫ్లోరిన్ ఋణవిద్యుదాత్మకతను (బంధ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణాన్ని) చూసి దీని భ్రామకం అమ్మోనియా కంటే ఎక్కువని చాలామంది రాస్తారు. నిజానికి అమ్మోనియాది సుమారు 1.47 డిబైలు (ద్విధ్రువ భ్రామకాన్ని కొలిచే ప్రమాణం), దీనిది దాదాపు 0.23 మాత్రమే. ఫ్లోరిన్ల వైపు ఉన్న బంధ ధ్రువత, దానికి వ్యతిరేక దిశలో ఉన్న ఒంటరి జంట ప్రభావాన్ని చాలావరకు తుడిచివేస్తుంది. ధ్రువతల దిశను చూపే బాణం గుర్తులు గీయకుండా ఈ ప్రశ్నకు జవాబు రాయవద్దని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

అపోహ: సంకరీకరణం (పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే ఆర్బిటాళ్లు కలిసి కొత్త ఆర్బిటాళ్లుగా మారడం) జరగడం వల్లే అణువుకు ఆ ఆకృతి వస్తుంది.

వాస్తవం: పాఠ్యపుస్తకాల వరుస వల్ల బలపడిన ఈ అపోహే అన్నిటికంటే మొండిది. సంకర ఆర్బిటాళ్లు 1931లో రసాయన శాస్త్రవేత్త పౌలింగ్ అందించిన ఉపయోగకరమైన గణిత వర్ణన. ఆకృతి తెలిసిన తరువాత దానికి సరిపడే విధంగా మనం వాటిని ఎంచుకుంటాం. ఆకృతిని నిర్ణయించేది మొత్తం శక్తి కనిష్ఠం కావడం. నీటికి వాడిన ఎస్‌పీ3 (ఒక ఎస్, మూడు పీ ఆర్బిటాళ్ల కలయిక) వివరణను హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ అలాగే అన్వయిస్తే, అక్కడ ప్రయోగంలో కొలిచిన 92 డిగ్రీల కోణానికి సమాధానం దొరకదు, ఎందుకంటే సల్ఫర్ ఆ బంధాలకు దాదాపు శుద్ధ పీ ఆర్బిటాళ్లనే వినియోగిస్తుంది.