మిల్లీసెకన్లను కొలిచే మెదడు

గబ్బిలం చీకట్లో దేనికీ తగలకుండా ఎలా ఎగురుతుందో 1794లోనే దాదాపు తేలిపోయింది. అంతకు ముందు ఏడాది ఇటలీలో లజారో స్పల్లాంజానీ, కళ్లు తీసేసిన గబ్బిలాలు కూడా మామూలుగానే తిరుగుతున్నాయని గమనించాడు. ఆ సంగతి తెలిసి జెనీవాలో లూయీ జురీన్ అనే సర్జన్ వాటి చెవులు మూసి చూశాడు. అంతే, ఎదురైన ప్రతిదానికీ గుద్దుకున్నాయి. ఒక్కటే చిక్కు: ఎగిరేటప్పుడు అవి ఏ చప్పుడూ చేస్తున్నట్టు లేదు. చప్పుడే లేనప్పుడు చెవులతో పనేమిటి? ఫ్రాన్స్‌లో క్యువియే అంతటి ప్రకృతి శాస్త్రవేత్త అదంతా స్పర్శ మహిమేనన్నాడు. వందేళ్లకు పైగా ఆ మాటే చెల్లింది.

1938లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్ కొన్ని గబ్బిలాలను బోనులో పెట్టుకుని ప్రొఫెసర్ పియర్స్ దగ్గరికి వెళ్లాడు. పురుగుల కూతల కోసం, మన చెవికందని శబ్దాలను పట్టే యంత్రం ఒకటి ఆయన తయారు చేసుకున్నాడు. దాని ముందు పెట్టేసరికి, నోరు లేదనుకున్న గబ్బిలాలు ఒకటే గోల! ఆ తర్వాత రాబర్ట్ గలాంబోస్‌తో కలిసి గ్రిఫిన్, చెవి మూసినా నోరు మూసినా అవి దారి తప్పుతాయని రుజువు చేశాడు. కూత పెట్టి, దాని ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఏముందో పసిగట్టే ఈ విద్యకు 'ఎకోలొకేషన్' అన్న పేరు 1944లో గ్రిఫిన్ పెట్టిందే.

అన్నట్టు, మన ఊళ్లలో మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలది ఈ కథ కాదు. పళ్లు తినే ఆ జాతి కళ్లనే నమ్ముకుంటుంది. ఇది పురుగులు పట్టే చిన్నవాటి సంగతి.

అసలు తమాషా మెదడులో ఉంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. కూత వెళ్లి వచ్చేసరికి ఒక మిల్లీసెకను పట్టిందంటే పురుగు 17 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. మరి ఆ వ్యవధిని కొలిచేదెవరు? 1970ల చివర్లో అమెరికాలో నోబువో సుగా బృందం మీసాల గబ్బిలం మెదడులో విచిత్రమైన నాడీకణాలను చూసింది. కూత ఒక్కటే వినిపిస్తే అవి పెద్దగా పలకవు, ప్రతిధ్వని ఒక్కటే వినిపించినా అంతే. రెండూ ఒక నిర్ణీత ఎడంతో వస్తేనే గట్టిగా స్పందిస్తాయి. ఒక్కో కణానికి ఒక్కో ఎడం. కూత తాలూకు సంకేతాన్ని మెదడు కాసేపు ఆపి ఉంచుతుంది. వెనకాల వచ్చే ప్రతిధ్వని దాన్ని కలుసుకున్న చోట కణం పలుకుతుంది. పైగా ఈ కణాలు చిన్న ఎడం నుంచి పెద్ద ఎడం దాకా వరసలో ఉంటాయి, 0.4 నుంచి 18 మిల్లీసెకన్ల వరకు. అంటే ఏడు సెంటీమీటర్ల నుంచి మూడు మీటర్ల దాకా గీసిన కొలబద్ద! చెవిలో ఒక్కో స్వరస్థాయికి ఒక్కో చోటుంది గానీ, దూరానికి అలాంటి చోటు లేదు. ఆ పటం మెదడు సొంతంగా గీసుకున్నదే.

ఇక్కడితో తేలిపోలేదు. ప్రతిధ్వని వచ్చే సమయంలో 10 నానోసెకన్ల తేడాను గబ్బిలం కూడా పసిగడుతుందని 1990లో జేమ్స్ సిమన్స్ ప్రకటించాడు. ఒక నాడీ సంకేతానికే దాదాపు మిల్లీసెకను పడుతుంది, ఇదేమో అందులో లక్షో వంతు. అది నిజంగా గబ్బిలం ప్రతిభా, ప్రయోగంలో లోపమా అని అప్పుడు మొదలైన గొడవ చాలా ఏళ్లు నడిచింది.