వాసన దాచే బట్టల గొడవ: ముడి పడింది 2011లో

అమెరికాలోని మిషిగన్‌లో విల్లుతో జింకలను వేటాడే సీజన్ అక్టోబర్ 1న మొదలవుతుంది. అంతకు నెల ముందు నుంచే వేట సామాన్ల దుకాణాల్లో ఒక గోడ గోడంతా వాసన పోగొట్టే స్ప్రేలు, సబ్బులు, బొగ్గు నింపిన కోట్లు, ఓజోన్ మెషీన్లతో నిండిపోతుంది. దాంతోపాటే పాత గొడవా నిద్ర లేస్తుంది. మనిషి వాసనను జింక ముక్కుకు అందకుండా చేయడం అయ్యే పనేనా, లేక ఇదంతా జేబుకు చిల్లు పెట్టే వ్యాపారమేనా? మొన్నటిదాకా రచ్చంతా కోట్ల మీద నడిచింది. ఇప్పుడు చెట్టు మీద మంచెకు తగిలించుకునే ఓజోన్ మెషీన్ల మీదకు మళ్లింది. మెషీన్ కొత్తదే. వాదన మాత్రం కోట్ల మీద నడిచిన ఒక కోర్టు కేసులో నలిగినదే.

పూర్వం వేటగాళ్లు బట్టలకు పొగ పట్టించుకున్న సంగతి, ఒంటికి పైన్ కొమ్మలు రుద్దుకున్న సంగతి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఇవాళ ప్రకటనల్లో కనిపించే ఆచితూచిన మాటలు ఎక్కడ తయారయ్యాయో తెలియాలంటే, 2007లో మిన్నెసోటా ఫెడరల్ కోర్టులో మొదలై 2011లో అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లిన కేసు చూడాలి.

అంతకు ముందు ఒక్క మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడితే జైలే. అమెరికాలో సీజన్, లైసెన్సు, వేటాడిన జింకకు కట్టే ట్యాగుల లెక్కతో నడిచే చట్టబద్ధమైన వేట ఉంది. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లలోనూ కొందరు దాని రుచి మరిగారు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. అంటే ఐటీ ఉద్యోగాల కోసం వెళ్లిన మనవాళ్లు దాదాపు అందరూ ఆ క్లాసులో కూర్చోవలసినవాళ్లే. కోర్సు అయ్యాక షాపుకు వెళ్లగానే ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఆ గోడ దగ్గర ఆగాలా, వద్దా?

2007 సెప్టెంబర్‌లో కొందరు వేటగాళ్లు కోర్టుకెక్కారు. ప్రతివాదులు సెంట్-లాక్ పేరుతో బట్టలు అమ్మే ఏఎల్ఎస్ ఎంటర్‌ప్రైజెస్, వాటిని తమ దుకాణాల్లో అమ్మిన కెబెలాస్, గ్యాండర్ మౌంటెన్. ఆరోపణ సూటిగానే ఉంది. మీ బట్టలు మనిషి వాసనను తొలగిస్తాయన్నారు, అవి తొలగించడం లేదు. వాడిన బట్టను ఇంట్లో డ్రయ్యర్‌లో వేస్తే మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుందన్నారు, అదీ అబద్ధం.

ఈ రెండో ఆరోపణ దగ్గర కాస్త ఆగాలి. 1990ల ఆరంభంలో మార్కెట్‌కొచ్చిన ఈ బట్టల కీలకం యాక్టివేటెడ్ కార్బన్. అంటే కంటికి కనిపించని రంధ్రాలతో నిండిన బొగ్గు. గ్యాస్ మాస్కుల్లో, నీటి ఫిల్టర్లలో వాడేది అదే. వాసన అణువులు వెళ్లి ఆ రంధ్రాల గోడలకు అంటుకుంటాయి. రంధ్రాలు నిండిపోతే బొగ్గు పని అయిపోయినట్టే. పరిశ్రమల్లో ఆ బొగ్గును తిరిగి శుభ్రం చేయాలంటే 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలుస్తారు. ఇంట్లో డ్రయ్యర్ ఎంత మొత్తుకున్నా నీళ్లు మరిగే వేడిని కూడా అందుకోదు. కోటును అరగంటో ముప్పావుగంటో డ్రయ్యర్‌లో తిప్పితే తేలిగ్గా అంటుకున్న అణువులు కొన్ని ఊడతాయి, గట్టిగా పట్టుకున్నవి అలాగే ఉండిపోతాయి. పూర్తిగా మునుపటి స్థితికి రాదన్న విషయంలో ఇరుపక్షాల నిపుణులకూ పెద్ద పేచీ లేదు.

జడ్జి రిచర్డ్ కైల్ 2009లో దీన్ని క్లాస్ యాక్షన్‌గా, అంటే కొన్నవాళ్లందరి తరఫున ఒకే కేసుగా, నడపడానికి ఒప్పుకోలేదు. దాంతో దేశంలోని కొనుగోలుదారులందరి కేసు కాస్తా కొద్దిమంది కేసుగా కుంచించుకుపోయింది. అయితే 2010 మేలో ఆయనే వేటగాళ్ల వైపు మొగ్గారు. వాసన తొలగిస్తుందన్న ప్రకటనలు, డ్రయ్యర్‌తో మళ్లీ పనిచేస్తుందన్న ప్రకటనలు అక్షరాలా అబద్ధమని తేల్చి, ఇకపై అలా ప్రచారం చేయొద్దని ఉత్తర్వు ఇచ్చారు. వేటగాళ్ల లోకంలో ఆ వార్త పెద్ద కలకలమే రేపింది. "మేం ముందే చెప్పలేదా" అన్నవాళ్లు కొందరు, "నా కోటు బాగానే పనిచేస్తోంది, కోర్టుకేం తెలుసు" అన్నవాళ్లు కొందరు.

ఆ ఉత్తర్వు ఎక్కువ కాలం నిలవలేదు. 2011లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు చెప్పినదాని సారాంశం ఇది. వాసన తొలగిస్తుందని ప్రకటనలో చెప్పినంత మాత్రాన నూటికి నూరు పాళ్లూ తొలగిస్తుందని హామీ ఇచ్చినట్టు కాదు. డ్రయ్యర్ విషయంలోనూ అంతే, కొంత మేరకు శక్తి తిరిగొచ్చినా ఆ మాట అక్షరాలా అబద్ధం కాబోదు. పైగా కేసు వేసినవాళ్లకు సంగతి ఇప్పటికే తెలిసిపోయింది కాబట్టి వాళ్లు మళ్లీ మోసపోయే ప్రమాదం లేదు, వాళ్ల కోసం ప్రచారాన్ని ఆపాల్సిన అవసరమూ లేదు.

చట్టం లెక్కలో అది సబబైన తీర్పే కావచ్చు. కానీ ఆ రోజు నుంచి చర్చ దారి మారింది. అప్పటిదాకా ప్రశ్న "పనిచేస్తుందా, లేదా" అన్నది. ఆ తర్వాత "ఎంతో కొంత పనిచేస్తుంది కదా" అన్నది జవాబైపోయింది. ఆ ఎంతో కొంత అనేది జింకకు సరిపోతుందా అని అడిగే బాధ్యత ఎవరి నెత్తినా లేకుండా పోయింది. నాలుగేళ్ల కేసులో ల్యాబ్ యంత్రాలు మాట్లాడాయి, రసాయన శాస్త్రవేత్తలు మాట్లాడారు, నిఘంటువులు మాట్లాడాయి. అడవిలో జింక ఏం చేస్తుందన్నది మాత్రం తీర్పుకు అవసరమే పడలేదు. కంపెనీ ఈ తీర్పును గెలుపుగా చాటుకుంది. బట్ట గుండా వాసన చాలావరకు దాటలేదని ల్యాబ్ పరీక్షల్లో తేలిందని అది ఇప్పటికీ చెబుతుంది. ఆ పరీక్షలు తప్పని నేననను. బట్ట దాటని వాసన మెడ దగ్గర, మణికట్టు దగ్గర, నోటి దగ్గర బయటికొస్తుందని మాత్రం గుర్తుచేస్తాను.

ఇక్కడ కాలంలో కొంచెం వెనక్కి వెళ్లాలి. కేసుకు అయిదేళ్ల ముందే, 2002లో, అమెరికా వ్యవసాయ శాఖ వన్యప్రాణి పరిశోధకుడు జాన్ షివిక్ ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. మనుషులను వెతికి పట్టుకోవడంలో శిక్షణ పొందిన కుక్కలను తీసుకున్నారు. దాక్కున్న మనుషుల్లో కొందరికి కార్బన్ సూట్లు, మిగతావాళ్లకు మామూలు బట్టలు. కుక్కలు దాదాపు అందరినీ కనిపెట్టేశాయి. సూటు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కుక్కల పనితీరును ఎక్కువగా మార్చింది వాతావరణమే. కంపెనీల వైపు వాళ్ల అభ్యంతరం ఒకటుంది. కుక్క జింక కాదు, మనిషిని వెతకడమే దాని పని. నిజమే. కుక్క మనిషిని కనిపెడితే బిస్కెట్ దొరుకుతుంది, జింక కనిపెడితే ప్రాణం దక్కుతుంది. ఈ రెంటిలో ఎవరు ఎక్కువ శ్రద్ధగా వాసన చూస్తారో పాఠకులే తేల్చుకోవచ్చు.

తుపాకీతో 150 గజాల నుంచి కొట్టేవాడికి ఈ గొడవంతా కొంత దూరపు చుట్టమే. విల్లు పట్టినవాడికి మాత్రం ఇదే ప్రాణం. బాణం వేయాలంటే జింక 20, 30 గజాల్లోకి రావాలి. నవంబర్‌లో ఎద కాలం వచ్చిందంటే మగజింకలు ఆడజింకల జాడ కోసం గాలికి దిగువన తిరుగుతూ వాసన చూసుకుంటాయి. అంటే వేటగాడు ఎదురుచూసే జింకే అతని వాసన కొట్టుకుపోయే వైపు నుంచి రావడానికి ఎక్కువ అవకాశం ఉందన్నమాట. వాసన తగిలిందా, ముందు కాలితో నేలను తడుతుంది, ముక్కుతో బుస్సుమంటుంది, తోక పైకెత్తి తెల్లగా ఊపుతూ మాయమవుతుంది. చుట్టుపక్కల ఉన్న జింకలన్నిటికీ కబురు అందినట్టే. ఆ సాయంత్రానికి మంచె దిగి ఇంటికి పోవడమే.

అందుకే గాలినే నమ్ముకున్న పాతకాపులు కోట్ల మాట ఎత్తితే నవ్వుతారు. వాళ్ల జేబులో ఉండేది మిల్క్‌వీడ్ దూది. మన జిల్లేడుకు దగ్గరి జాతి మొక్క అది. కాయ పగిలితే జిల్లేడు లాగే పట్టులాంటి దూది ఎగురుతుంది. మంచె మీద కూర్చుని ఒక పోగు వదులుతారు. అది ముందు పడమటికి తేలుతూ పోతుంది. సరే, గాలి తూర్పు నుంచి వీస్తోంది అనుకునేలోపే, ముప్పై గజాల అవతల వాగు దగ్గర కిందికి దిగి, ఒక సుడి తిరిగి, మెల్లగా వెనక్కే వస్తుంది. ఫోన్‌లో వెదర్ యాప్ చెప్పని సంగతి అది. పొద్దున ఎండ తగిలి వాలు వేడెక్కితే గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే పల్లానికి జారుతుంది. ఉదయం పనికొచ్చిన మంచె సాయంత్రం పనికిరాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. గాలివాటం సరిగా లేని రోజు ఆ మంచె ఎక్కకపోవడమే వాళ్ల సెంట్ కంట్రోల్ (వాసన అదుపు), దానికి ఖర్చు లేదు. మరి ఖర్చు లేని సలహాకు ప్రకటన ఎవరిస్తారు?

వాసన తగ్గించుకోవడం మేలనే రెండో పక్షం మాటా చెప్పాలి. శుభ్రంగా స్నానం చేసి, వాసన లేని సబ్బుతో ఉతికిన బట్టలు వేసుకుని, పెట్రోల్ బంకులో బూట్లతో తిరగకుండా అడవికి వెళితే నష్టమేమీ లేదని వాళ్లంటారు. వాసన బలం తగ్గితే, మనిషి చాలా దూరంలో ఉన్నాడని జింక అనుకుని ఇంకో రెండు క్షణాలు ఆగవచ్చని కూడా అంటారు. ఆ రెండు క్షణాలే బాణానికి చాలు. కాదనలేని వాదనే, రుజువైన వాదన మాత్రం కాదు.

ఇప్పుడు ఓజోన్. 2011 తర్వాత సెంట్ కంట్రోల్ మార్కెట్ బట్ట నుంచి బ్యాటరీ వైపు జరిగింది. మంచె పైన తగిలించిన చిన్న మెషీన్ ఓజోన్ తయారుచేసి, గాలి పోయే వైపు ఊదుతుంది. ఓజోన్ చంచలమైన వాయువు, తనకు తగిలిన సేంద్రియ అణువులను విరగ్గొడుతుంది. మూసిన పెట్టెలో బట్టలు పెట్టి ఓజోన్ పట్టిస్తే వాసన తగ్గుతుందన్నది నమ్మదగ్గ మాటే. గాలి ఆడే ఆరుబయట, వేటగాడి నుంచి వెలువడే ప్రతి అణువునూ అది వెంటాడి పట్టుకుంటుందా అన్నదే చిక్కు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ గదుల్లో వాడే ఓజోన్ ఎయిర్ క్లీనర్ల గురించి ఏనాడో తేల్చింది: ఆరోగ్యానికి హాని చేయని మోతాదులో వాసనలను తొలగించే సత్తా దానికి పెద్దగా లేదని. పనిచేసే చోట్ల ఎనిమిది గంటల సగటున ఓజోన్ 0.1 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 0.1 భాగం) మించకూడదన్నది అక్కడి కార్మిక భద్రతా నియమం. నాలుగు గోడల మధ్యే ఇలా ఉంటే కొండ వాలు మీద సంగతి ఊహించుకోవచ్చు. ఇంకో తమాషా ఉంది. ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. వాసన అంటదని వేటగాళ్లు ముచ్చటపడి కొనే రబ్బరు బూట్లు కూడా రబ్బరే కదా.

మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి అనే ప్రశ్న వస్తుంది. వాసన వ్యాపారంలో ప్రభుత్వాలు గట్టిగా చేయి పెట్టిన చోటు ఒకటే. మగజింకలను రప్పించడానికి సీసాల్లో అమ్మే జింక మూత్రం. 1967లో కొలరాడోలో మొదట కంటపడ్డ క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రాణాంతక వ్యాధి జింకల్లో పాకుతోంది. దాని కారకాలైన ప్రియాన్లు అనే వికృత ప్రొటీన్లు మూత్రంలోనూ ఉంటాయని తేలడంతో వర్జీనియా 2015 నుంచి సహజ మూత్రం వాడకాన్ని నిషేధించింది, ఆ తర్వాతి ఏడాది వెర్మాంట్ అదే బాట పట్టింది, మరికొన్ని రాష్ట్రాలూ తమ తమ ఆంక్షలు పెట్టాయి. రోగం వస్తే జింకల మంద పోతుంది, లైసెన్సుల ఆదాయం పోతుంది, అందుకే రాష్ట్రాలు కదిలాయి. కోటు పనిచేయకపోతే పోయేది కొన్నవాడి డబ్బే. దానికోసం వన్యప్రాణి శాఖ ఎందుకు కదులుతుంది?

తేల్చే మార్గం లేక కాదు. మేత వేసిన చోట కెమెరాలు పెట్టి, గాలికి ఎగువన ఒకసారి మామూలు బట్టల మనిషిని, ఒకసారి సూటు మనిషిని, ఒకసారి ఓజోన్ మెషీన్‌ను పెట్టి, ఏది ఎవరో చూసేవాళ్లకు చెప్పకుండా, దిగువన వచ్చిన జింకల్లో ఎన్ని నిలిచాయో, ఎన్ని పారిపోయాయో లెక్కపెడితే చాలు. రెండు మూడు సీజన్లు పట్టే పని, విశ్వవిద్యాలయాలకు చేతగానిదేం కాదు. కానీ డబ్బు పెట్టాల్సింది ఎవరు? అమ్మేవాళ్లకు 2011 తీర్పుతోనే సరిపోయింది. మిల్క్‌వీడ్ దూది జేబులో పెట్టుకున్నవాళ్లకు ఆ ఫలితంతో పనే లేదు.